లెక్కలోకి రాని హత్య

అపరాధ పరిశోధక కథలంటే మన అభ్యుదయ విమర్శకులకు మొదటినుంచీ చిన్నచూపే. రైల్లో చదివి సీటు మీద వదిలేసి దిగిపోయే సరుకు కింద వాటిని జమకట్టాం. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్‌ని ఊరూరా చదివారు. ఆరుద్ర అంతటి కవి డిటెక్టివ్ నవలలు రాశాడు. ఆ పాఠకులు ఎందుకు చదివారు, ఆ కవి ఎందుకు రాశాడు అన్న ప్రశ్నను మాత్రం మనం గట్టిగా వేసుకోలేదు. చిన్నచూపు చూడడం సులువు, విమర్శించడం కష్టం. ఆ సులువైన పని చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఈ వ్యాసం నా పాత తీర్పు మీద నేనే వేసుకుంటున్న అప్పీలు.

ఆ తీర్పు లూచియో ఫుల్చి 1972లో తీసిన ఒక ఇటాలియన్ చిత్రం గురించి. దాని పేరు ‘నోన్ సి సెవీత్సియా ఉన్ పపెరినో’. బాతుపిల్లను హింసించరాదు అని అర్థం. డిస్నీ బొమ్మల్లోని డొనాల్డ్ డక్‌ని ఇటలీ పిల్లలు పిలుచుకునే పేరు కూడా పపెరినోయే. ఒక కొండ ఊళ్ళో మగపిల్లలు ఒకరి తరవాత ఒకరు హత్య కావడం, హంతకుడెవరో చివరికి తేలడం ఇందులో కథ. 1980ల చివర ఒక మిత్రుడి గదిలో, రంగులు వెలిసిపోయిన వీడియో క్యాసెట్టులో దీన్ని మొదటిసారి చూశాను. కొద్దిరోజుల తరవాత ఒక చిన్న సాహిత్య సభలో భయానక కథల గురించి మాట్లాడవలసి వచ్చి, ఈ చిత్రాన్నే ఉదాహరణగా తీసుకున్నాను. కుళ్ళిన పెట్టుబడిదారీ సంస్కృతి పసిపిల్లల నెత్తురును కూడా సరుకు చేసి అమ్ముకుంటోందన్నాను. హంతకుణ్ణి పిచ్చివాడిగా చూపి వ్యవస్థను తప్పించిందన్నాను. సభలో చప్పట్లు కొట్టారు. అయ్యాక, ఆ క్యాసెట్టు తెచ్చిన మిత్రుడు టీ తాగుతూ అడిగాడు: “పిల్లల చావులన్నీ వరసగా చెప్పావు. ఆ ఆడమనిషిని లెక్కలోకే తీసుకోలేదేమోయ్?”

నా దగ్గర సరైన జవాబు లేదు. ఆమె చావుకూ అసలు మిస్టరీకీ సంబంధం లేదని ఏదో అన్నాను. ఇటీవల ఆ చిత్రాన్ని శుభ్రమైన ప్రతిలో, ఉపశీర్షికలతో మళ్ళీ చూశాను. నా పాత విమర్శలో కొంత ఇప్పటికీ నిలుస్తుంది. కాని నా మిత్రుడి ప్రశ్న అంతకన్నా గట్టిగా నిలుస్తుంది.

ముందు ఈ రకం చిత్రాల పుట్టుక గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఇటలీలో మొందదోరి ప్రచురణ సంస్థ 1929 నుంచి అపరాధ పరిశోధక నవలలను పసుపుపచ్చ అట్టలతో చవకగా అచ్చువేసింది. పసుపుపచ్చకు ఇటాలియన్ మాట ‘జాల్లో’. అట్ట రంగే ఆ సాహిత్యానికి పేరైపోయింది. మన దగ్గర పత్తేదారు పుస్తకం అన్నంత మామూలుగా వాళ్ళు జాల్లో అంటారు. 1960లలో మారియో బావా, 1970లో దారియో అర్జెంతో దాన్ని వెండితెర మీద స్థిరపరిచారు. ఆ చిత్రాలకు ఒక పద్ధతి ఏర్పడింది. నల్ల చేతితొడుగులు వేసుకున్న హంతకుడు, అద్దాల మేడలు, ఫ్యాషన్ దుస్తుల అందగత్తెలు, అనుకోకుండా హత్యను చూసిన ఒక పరాయి మనిషి. కథలన్నీ నగరంలోనే, డబ్బున్న ఇళ్ళలోనే జరుగుతాయి. ముస్సోలినీ జైల్లో ఉన్న గ్రాంసీ, జనం డిటెక్టివ్ నవలలు ఎందుకు చదువుతారన్నది ఆలోచించదగిన సమస్య అనుకుని తన నోటుపుస్తకాల్లో దాని గురించి రాసుకున్నాడు. గ్రాంసీకి తీరిన ఆ ఓపిక మనకు తీరలేదు.

ఫుల్చి చేసిన మొదటి పని ఈ నగరపు సరుకును దక్షిణ ఇటలీ పల్లెకు తీసుకుపోవడం. అచ్చెందూర అనేది కల్పిత గ్రామం. చిత్రీకరణ చాలాభాగం పూల్యా ప్రాంతంలోని మోంతె సాంత్ ఆంజెలో అనే కొండ ఊళ్ళో జరిగింది. సున్నం కొట్టిన తెల్లని ఇళ్ళు, ఇరుకు మెట్ల దారులు, ఎండిన కొండలు. చిత్రం మొదట్లోనే ఆ కొండల మీదుగా ఎత్తయిన స్తంభాల మీద సాగిపోయే కొత్త రహదారి కనిపిస్తుంది. ఆ రోడ్డు కనుచూపు మేరలోనే ఒక స్త్రీ మోకాళ్ళ మీద కూర్చుని, ఒట్టి చేతులతో మట్టి తవ్వి, ఒక పసికందు ఎముకల్ని బయటికి తీస్తుంది. ఒక పిల్లవాడు ఉండేలుతో బల్లిని కొడుతుంటాడు. ఎవరూ ఒక్క మాట మాట్లాడకుండానే కథా వస్తువంతా మన ముందుంటుంది.

ఆ రోడ్డు అలంకారం కోసం పెట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత ఇటలీ ఉత్తరాన మిలాను, తూరిను నగరాల్లో కర్మాగారాలు పెరిగాయి. దక్షిణాది రైతుకూలీలు లక్షల సంఖ్యలో ఊళ్ళు వదిలి ఆ కర్మాగారాలకు వలసపోయారు. దక్షిణాదిని అభివృద్ధి చేస్తామని ప్రభుత్వం 1950లో ఒక ప్రత్యేక నిధి సంస్థను పెట్టింది. మిలాను నుంచి నేపుల్స్ దాకా ‘సూర్య రహదారి’ 1964లో పూర్తయింది. తరవాత రోడ్లు ఇంకా దిగువకు పాకాయి. రోడ్డు వచ్చిన ప్రతిచోటికీ బతుకు వచ్చిందా? ఈ చిత్రంలో రహదారి ఊరి పక్కనుంచి పోతుంది, ఊళ్ళోకి రాదు. దాని మీద పోయే కార్లు సెలవులు గడపడానికి సముద్రతీరాలకు పోయేవాళ్ళవి. ఉత్తరాది పెట్టుబడికి దక్షిణాది పల్లె ఒక వలసలా పడివుందని గ్రాంసీ 1926లో, అరెస్టు కాకముందు, దక్షిణాది సమస్య మీద రాసిన వ్యాసంలో వివరించాడు. నలభై ఆరేళ్ళ తరవాత ఒక వ్యాపార చిత్రం మొదటి దృశ్యంలోనే ఆ సమస్య కనిపించడం నేను మొదటిసారి చూసినప్పుడు గమనించలేదు. అప్పుడు నా కళ్ళు నెత్తురు కోసమే వెతుకుతున్నాయి, ఖండించడానికి.

కథ క్లుప్తంగా ఇది. బ్రూనో అనే పిల్లవాడు మాయమవుతాడు. డబ్బు ఇస్తే వదిలేస్తామని ఇంటికి ఫోను వస్తుంది. ఊరంతా వెర్రివాడని ఆటపట్టించే జుసెప్పె అనేవాడు దొరుకుతాడు. శవం కంటపడితే పాతిపెట్టి, నాలుగు డబ్బులు రాబట్టబోయానే తప్ప చంపలేదంటాడు. ఊరు అతణ్ణి చీల్చెయ్యడానికి పోలీసు స్టేషను మీదికి వస్తుంది. అతను లాకప్‌లో ఉండగానే మరో పిల్లవాడు హత్యకు గురవుతాడు. తరవాత మూడోవాడు. అనుమానం వెర్రివాణ్ణి వదిలి ఊరి బయట గుహలాంటి గుడిసెలో ఉండే స్త్రీ మీదికి మళ్ళుతుంది. ఆమెను అందరూ ‘మచారా’ అంటారు. దక్షిణాది మాండలికంలో మంత్రగత్తె అని దాని అర్థం. చిత్రమంతటా ఆమెను పిలిచేది ఆ నేరారోపణతోనే. ఆమె బిడ్డ సమాధిని పిల్లలు కెలికినందుకు వాళ్ళ బొమ్మలు చేసి సూదులు గుచ్చింది. పట్టుబడినప్పుడు ఆ పిల్లల్ని చంపింది తానేనని అరిచి మరీ చెబుతుంది. కాని హత్య జరిగిన సమయానికి ఆమె చాలా దూరాన ఉందని ఒక కానిస్టేబులు సాక్ష్యం చెబుతాడు. పోలీసులు వదిలేస్తారు. ఊరు వదలదు. శ్మశానంలో ఆమెను ఇనుప గొలుసులతో కొట్టి చంపుతారు. ఆమె చనిపోయిన తరవాత కూడా పిల్లల హత్యలు ఆగవు. నగరం నుంచి వచ్చిన పాత్రికేయుడు మార్తెల్లి, మిలానులో మాదకద్రవ్యాల గొడవలో చిక్కుకుని తండ్రి స్వగ్రామంలో తలదాచుకున్న పాట్రీషియా అనే ధనికురాలు కలిసి హంతకుణ్ణి కనిపెడతారు. అతను ఊరి యువ మతాచార్యుడు దోన్ అల్బెర్తో. పిల్లలతో బంతి ఆడేవాడు, వాళ్ళ చదువు సంధ్యల మంచి చెడ్డలు చూసేవాడు, ఊరంతా నమ్మినవాడు. పెద్దయి పాపంలో పడకముందే వాళ్ళను నిష్కల్మషంగా దేవుడి దగ్గరికి పంపాలని చంపాడు.

పత్తేదారు కథలో ప్రతి పాత్ర మీదా వంతులవారీగా అనుమానం రావడం మామూలే. పాఠకుణ్ణి తప్పుదారి పట్టించడానికి అదొక ఎత్తు. ఇందులో ఆ వంతుల వరస చూడండి. మొదట వెర్రివాడు. తరవాత మంత్రగత్తె. ఆమెకు మంత్రం నేర్పిన, కొండమీద ఒంటరిగా ఉండే ముసలివాడు ఫ్రాంచెస్కో. ఆ తరవాత మొగుడు లేకుండా, సిగరెట్టు కాలుస్తూ, కురచ దుస్తుల్లో తిరిగే పరాయి ఊరి పిల్ల. అందరూ అయిపోయాక, ఇంకెవరూ మిగలనప్పుడు మతాచార్యుడు. నీరు పల్లమెరుగు అని మన సామెత. అనుమానమూ అంతే. ఊళ్ళో ఎవడు ఎక్కువ పల్లంలో ఉంటే వాడి మీదికి ముందు పారుతుంది. ఎత్తుమీద ఉన్నవాడి దాకా అది ఎక్కాలంటే మధ్యలో ఉన్నవాళ్ళంతా మునగాలి. ఫుల్చి కావాలని ఇలా పేర్చాడో, కథలోని బిగువు కోసం పేర్చాడో నాకు అనవసరం. పేర్చిన తరవాత అది ఆ ఊరి అధికార క్రమానికి పటంలా తయారైంది. ప్రేక్షకుణ్ణి కూడా అది వదలదు. నేను కూడా ఆ వరసలోనే ఒక్కొక్కరినీ అనుమానించాను. పత్తేదారు కథ నాచేత చేయించిన ఆ పని ఏమిటో మొదటిసారి నాకు తెలియలేదు.

ఇక మచారా సంగతి. ఫ్లోరిందా బోల్కన్ ఈ పాత్ర వేసింది. నేరం ఒప్పుకునే దృశ్యంలో ఆమె దాపరికం లేకుండా, దాదాపు గర్వంతో మాట్లాడుతుంది. తను చంపలేదని తేలినందుకు ఆమెకు ఊరట కలిగినట్టు ఉండదు. ఆమెకున్న ఒకే ఒక శక్తిని ఎవరో లాగేసుకున్నట్టుంటుంది. ఇక్కడ ఎర్నెస్తో దె మార్తినో గుర్తుకువస్తాడు. కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసిన ఆ మానవశాస్త్రవేత్త దక్షిణాది పల్లెలు తిరిగి 1959లో ‘దక్షిణాది, మాంత్రికత’ అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకం రాశాడు. పంట, ప్రసవం, రోగం, దేనిమీదా అదుపులేని బతుకులో మనిషి తానంటూ మిగలకుండా కొట్టుకుపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుందనీ, మంత్రతంత్రాలు ఆ ప్రమాదానికి ఎదురు నిలబడడానికి వాళ్ళు పట్టుకున్న ఊతకర్రలనీ ఆయన వాదన సారాంశం. మౌఢ్యం అని ఒక్క మాటలో తేల్చెయ్యడం కన్నా ఇది ఎంతో లోతైన భౌతికవాద వివరణ. మచారాకు భూమి లేదు, మగదిక్కు లేదు, బిడ్డ మట్టిలో ఉంది. న్యాయం అడగడానికి ఆమె ఎక్కగల మెట్టు ఏదీ లేదు. సూది గుచ్చిన బొమ్మ ఒక్కటే ఆమె పెట్టుకోగల అర్జీ. ఆ అర్జీనే ఆమెకు మరణశాసనం చేశారు.

చట్టం మాత్రం తప్పు చేసిందా? నిర్దోషి అని తేలింది, విడుదల చేశారు. కాగితం మీద అంతా సవ్యమే. కాని స్టేషను తలుపు తీసి ఆమెను ఎవరి మధ్యకు వదిలారో అధికారులకు తెలియదా? అంతకుముందే అదే ఊరు వెర్రివాణ్ణి చంపడానికి వచ్చింది. నాగరిక రాజ్యం ఆమెను నేరంనుంచి విడిపించింది, ఊరినుంచి విడిపించే బాధ్యత తనది కాదనుకుంది. ఉత్తరాది చట్టానికీ దక్షిణాది పల్లెకూ మధ్య ఉన్న సంబంధం ఇదే. రహదారిలాగే, చట్టం కూడా ఊరి పక్కనుంచి పోతుంది.

శ్మశానంలో ఆమె చుట్టూ నలుగురు మగవాళ్ళు చేరతారు. రేడియో మోగుతుంటుంది. మొదట హుషారు పాట, తరవాత ఓర్నెల్లా వనోని గొంతులో విరహ గీతం. రీత్స్ ఓర్తొలాని స్వరపరిచిన ఆ పాట చాలా మధురమైనది, ఆ మాధుర్యమే భరించరానిది. గొలుసు దెబ్బలు, పాట, పక్కపక్కనే నడుస్తాయి. నగరం నుంచి గాలిలో వచ్చిన ప్రేమ పాటకు కింద ఏం జరుగుతోందో తెలియదు, తెలియవలసిన అవసరం లేదు. వాళ్ళు వెళ్ళిపోయాక ఆమె నెత్తుటి మడుగులోంచి పాక్కుంటూ, రాళ్ళ వాలు ఎక్కి, రోడ్డు అంచుకు చేరి చెయ్యి చాస్తుంది. కార్లు పోతుంటాయి. లోపల పిల్లలు, తల్లిదండ్రులు. చూస్తారు, ఆగరు. మొదటి దృశ్యంలో దూరాన కనిపించిన రోడ్డు ఇప్పుడు ఆమె చేతికి అందేంత దగ్గరలో ఉంది. అక్కడే చనిపోతుంది.

ఈ హత్యలో మిస్టరీ లేదు. చంపినవాళ్ళ ముఖాలు మనం చూశాం. వాళ్ళలో పిల్లల్ని పోగొట్టుకున్న తండ్రుల దుఃఖం ఉంది, అది అబద్ధం కాదు. మిస్టరీ లేదు గనకనే పత్తేదారు కథకు దీనితో పని లేదు. కథ దాన్ని దాటి, ‘అసలు’ హంతకుడి కోసం ముందుకు పోతుంది. చివరికి మతాచార్యుడు కొండ మీదనుంచి పడి చస్తాడు, లెక్క సరిపోయిందని మనం లేచిపోతాం. గొలుసులు పట్టుకున్న చేతులకు శిక్ష పడడం మనం చూడం. ఊరందరికీ తెలిసిన హత్య, ఎవరూ పరిశోధించనక్కరలేని హత్య, చిత్రం నడిబొడ్డున అలాగే పడివుంటుంది. అపరాధ పరిశోధన అనే ప్రక్రియకే ఉన్న ఒక వర్గ స్వభావం ఇక్కడ బయటపడుతుందని నా అభిప్రాయం. దాచిన నేరం మీద దానికి ఆసక్తి ఎక్కువ. బాహాటంగా, పదిమందీ కలిసి, ధర్మం పేరుతో చేసే నేరం దాని కంటికి నేరంగా ఆనదు. సభలో చావుల జాబితా చదివినప్పుడు నేను ఆ ప్రక్రియ చెప్పిన లెక్కనే ఒప్పజెప్పాను.

దాన్ని నేను ఎందుకంత సులువుగా మరిచిపోయానన్నది నన్ను చాలా రోజులు వేధించింది. జవాబు మా ఊళ్ళోనే ఉంది. నాకు తొమ్మిది పదేళ్ళప్పుడు, ఊరి చివర ఒంటరిగా ఉండే ఒక ముసలామెను చేతబడి చేస్తోందని రచ్చబండ దగ్గరికి ఈడ్చుకొచ్చారు. ఆ ఏడు ఊళ్ళో వరసగా చంటిపిల్లలు జ్వరాలతో పోయారు. మంత్రం పారకుండా ఉండాలంటే పళ్ళు ఊడగొట్టాలని ఎవరో అన్నారు. ఊడగొట్టారు. ఆమె ఎక్కువకాలం బతకలేదు. మా ఇంట్లో ఆ రాత్రి చదువుకున్న పెద్దలు కూడా ఉన్నారు. పాపం అన్నారు, తరవాత అన్నాలు తిన్నారు. కేసు లేదు, సాక్షి లేడు. ఆమె పేరు నాకు ఇప్పటికీ తెలియదు. ఊళ్ళో ఏ సంవత్సరం ఎవరు హత్యకు గురయ్యారో చెప్పమంటే మా తరం వాళ్ళు భూతగాదాల్లో పోయిన ఇద్దరి పేర్లు చెబుతారు. ఆమెను లెక్కవెయ్యరు. నేను అచ్చెందూర ప్రేక్షకుణ్ణి కావడానికి చాలాకాలం ముందే అచ్చెందూర నివాసిని.

ఈ సందర్భంలో మన క్షుద్ర సాహిత్యపు వాదాన్ని గుర్తుచేసుకోవడం అవసరం. 1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వచ్చినప్పుడు, రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అనే విమర్శ రాసింది. చేతబడి నిజంగా పనిచేస్తుందేమోనన్న అనుమానం పాఠకుడి మనసులో నాటడం ఎంత ప్రమాదమో అప్పుడు మనలో చాలామందిమి మాట్లాడాం. ఆ వాదం ఈనాటికీ సరైనదేనని నేననుకుంటాను. కాని ఆ ఊపులో భయానకం అన్న ప్రతిదాన్నీ ఒకే గాటకు కట్టాం. ఈ చిత్రంలో మంత్రం పనిచెయ్యదు. ఒక్క క్షణం కూడా పనిచేస్తుందేమోనన్న సందు ఇవ్వదు. పనిచేసేది మంత్రం మీది నమ్మకం. చంపేదీ అదే. భయం దయ్యాన్ని చూసి కలగదు, దయ్యం ఉందని నమ్మినవాడి చేతిలో గొలుసు చూసి కలుగుతుంది. రెండూ భయానకాలే. ఒకటి పాఠకుణ్ణి రచ్చబండ దగ్గర చేరిన గుంపులో నిలబెడుతుంది. రెండోది ఆ గుంపు మధ్యలో ఉన్న మనిషి వైపు నిలబెడుతుంది. విమర్శకుడు ఆ తేడా పట్టుకోలేకపోతే అతని నిరసనకు విలువ ఉండదు.

అంతమాత్రాన ఇది గొప్ప అభ్యుదయ చిత్రమని నేను చెప్పబోవడం లేదు. దాని లోపాలు చిన్నవి కావు.

మొదటిది, ఈ ఊళ్ళో భూస్వామి లేడు. పొలాలు ఎవరివి, కూలి ఎంత, వలసపోయినవాళ్ళు పంపే డబ్బు మీద ఎన్ని ఇళ్ళు బతుకుతున్నాయి, ఏదీ తెలియదు. మూఢనమ్మకం ఆ రాళ్ళలోంచి మొలిచినట్టు ఉంటుంది. ఈ చిత్రం తీసిన కొండ ఊరు ఫోజ్జా జిల్లాలోది. వ్యవసాయ కూలీల పోరాటాలనుంచి ఎదిగి ఇటలీ కార్మికోద్యమానికే నాయకుడైన జుసెప్పె దీ విత్తోరియో పుట్టిన చెరిన్యోలా కూడా ఆ జిల్లాలోదే. యుద్ధానంతరం దక్షిణాది రైతులు జెండాలు పట్టుకుని బీడు భూములు ఆక్రమించారు. ఆ చరిత్రలో ఒక్క ముక్క కూడా అచ్చెందూరలో లేదు. గొలుసులు పట్టే చేతులు తప్ప జెండా పట్టిన చేతులు ఈ పల్లెకు ఉన్నట్టే తెలియదు. నిజం కనిపెట్టేది కూడా నగరంనుంచి వచ్చిన ఇద్దరే. దక్షిణాదిని ఉత్తరాది చూసే చూపు ఇది. చిత్రం దాన్ని కొంతవరకు విమర్శిస్తూనే, తానూ ఆ కళ్ళతోనే చూస్తుంది.

రెండోది మతాచార్యుడి పాత్ర. 1970 డిసెంబరులో ఇటలీలో విడాకుల చట్టం వచ్చింది. చర్చి, క్రిస్టియన్ డెమోక్రాట్లు దాన్ని రద్దు చేయించాలని పట్టుబట్టి 1974లో ప్రజాభిప్రాయ సేకరణ దాకా తీసుకుపోయి ఓడిపోయారు. ఆ పెనుగులాట మధ్యలో, 1972లో, పిల్లల్ని చంపే మతాచార్యుణ్ణి తెరమీద చూపడం సాహసమే. గ్రాంసీ తన వ్యాసంలో వర్ణించిన దక్షిణాది మతాచార్యుడు కౌళ్ళు వసూలు చేసేవాడు, వడ్డీలకు ఇచ్చేవాడు. రైతుకు అతని మీద భ్రమలు తక్కువ. దోన్ అల్బెర్తో అలాంటివాడు కాదు. నవ్వుతూ మాట్లాడే ఆధునికుడు, అందుకే ఇంకా ప్రమాదకరమైనవాడు. అతనికి పిల్లల మీద ద్వేషం లేదు. వాళ్ళు ఎదగడం మీద ద్వేషం. జీవితం మురికిదనీ, ఎదుగుదల పతనమనీ చెప్పే ధర్మాన్ని చివరి మెట్టు దాకా తీసుకుపోతే పిల్లవాడికి మిగిలే పవిత్రత చావొక్కటే. ఆ తర్కాన్ని చిత్రం ధైర్యంగా పట్టుకుంది, ముగింపులో వదిలేసింది. కొండ అంచున పెనుగులాట, అతను పడిపోతుంటే రాళ్ళకు తగిలి ముఖం చీలిపోవడం దగ్గర నుంచి చూపించడం. అది మనిషి కాదు బొమ్మ అని ఇవాళ పసిపిల్లవాడికైనా తెలుస్తుంది. శిల్పం ఎక్కడ తేలిపోయిందో ఆలోచన కూడా అక్కడే తేలిపోయింది. ధర్మం మీద మొదలైన విచారణ ఒక ఉన్మాది పతనంతో ముగిసింది. నా పాత విమర్శలో నిలబడేది ఈ భాగమే.

మూడోది స్త్రీని చూసే తీరు. పాట్రీషియా ఒక పిల్లవాణ్ణి అవమానకరంగా ఆటపట్టించే దృశ్యం మీద ఇటలీలో గొడవ కోర్టుదాకా పోయింది. పిల్లవాడి బదులు వయసు వచ్చిన పొట్టి మనిషిని నిలబెట్టి తీశామని ఫుల్చి చూపించుకోవలసి వచ్చింది. కోర్టు సంగతి అలా ఉంచితే, ఆ దృశ్యం అక్కడ ఉన్నది టిక్కెట్ల కోసమే. మచారా మీద పడే దెబ్బల్ని కూడా కెమెరా కావలసినదానికన్నా ఎక్కువసేపు చూస్తుంది. జాలి ఎక్కడ ఆగి సరదా ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టమైన చోట్లు అందులో ఉన్నాయి. వ్యాపార చిత్రం తాను అమ్మే సరుకునే ఖండించబోతే ఇలాంటి తిరకాసు తప్పదు.

ఇన్ని లోపాల మధ్య ఒక చిన్న పాత్ర నన్ను మళ్ళీ పట్టుకుంది. మతాచార్యుడికి మాట రాని ఒక చిన్న చెల్లెలు ఉంది. ఆ పిల్ల ఎప్పుడూ బొమ్మల తలలు తెంచుతుంటుంది. అన్న చేసే పని చూసింది, చెప్పడానికి మాట లేదు, చేసి చూపిస్తోంది. పాట్రీషియా ఇచ్చిన డొనాల్డ్ డక్ బొమ్మ తల దొరకడంతోనే నిజానికి దారి దొరుకుతుంది. చిత్రం పేరు అక్కడినుంచి వచ్చింది. ఆ ఇంటి తల్లికి తెలుసు, దాచింది. ఊళ్ళో నిజం తెలిసినవాళ్ళలో ఒకరికి నోరు లేదు, ఒకరికి నోరు విప్పే ధైర్యం లేదు. నోరున్నవాళ్ళంతా మంత్రగత్తె గురించి మాట్లాడుతున్నారు. పళ్ళు ఊడగొట్టిన రాత్రి మా ఇంట్లోనూ నోరున్నవాళ్ళే ఉన్నారు.

కొత్తగా రాస్తున్న మిత్రులకు, సాహిత్య విద్యార్థులకు నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఇటలీ హత్యల చిత్రాలు చూడమని కాదు. పత్తేదారు కథ రాసినా, వాస్తవిక కథ రాసినా, దాని మీద విమర్శ రాసినా, ఒకసారి ఆగి మన కథలో ఎంతమంది చచ్చారో లెక్కపెట్టాలి. కథ ఎవరి చావు చుట్టూ తిరుగుతోంది? ఎవరి చావును దాటి పోతోంది? దాటిపోవడానికి మనం ఏ సాకు చెప్పుకుంటున్నాం? మూడు దశాబ్దాలకు పైగా నేను చెప్పుకున్న సాకు, ఆమె అసలు కథలోది కాదని.

ఆ ప్రశ్న అడిగిన మిత్రుడు ఇప్పుడు లేడు. ఉంటే ఈసారి టీ దగ్గర జవాబు చెప్పేవాణ్ణి. అసలు కథ ఆమెదే, పిల్లల హంతకుడెవరన్నది దాని చుట్టూ అల్లిన పసుపుపచ్చ అట్ట. ఆమె పేరేమిటని అతను మళ్ళీ అడిగితే మాత్రం, అచ్చెందూర గురించి అడుగుతున్నాడో మా ఊరి గురించి అడుగుతున్నాడో తెలియక, మళ్ళీ తల వంచుకునేవాణ్ణి.